జీవవైవిధ్య అధ్యయనంలో, సంరక్షణలో నవీన సాంకేతికత

ఒక ప్రాంతంలో ఏయే జీవులున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి, వాటి సంఖ్య పెరుగుతోందా తరుగుతోందా అన్న ప్రశ్నలకు జవాబు వెతికే ఆవరణశాస్త్రం చాలాకాలం పాటు మనిషి కంటిచూపు మీద, వినికిడి మీద, కాలినడక మీద ఆధారపడింది. గత నాలుగు దశాబ్దాల్లో ఈ పనిలోకి తనంతట తాను ఫొటో తీసే కెమెరా, నెలల తరబడి అడవి శబ్దాలను నమోదు చేసే రికార్డరు, జంతువు ఒంటికి అమర్చే ఉపగ్రహ ట్రాన్స్‌మీటరు, చెంబెడు నీటిలోంచి అక్కడి జీవుల ఆనవాళ్లు తీసే డీఎన్ఏ పరీక్ష, భూమిని నిరంతరం చిత్రించే ఉపగ్రహాలు, వీటి ద్వారా పోగుపడే అపారమైన సమాచారాన్ని వడగట్టే కృత్రిమ మేధ ఒకదాని తరవాత ఒకటిగా వచ్చి చేరాయి.

ఈ పరికరాలన్నిటి వెనకా ఉన్న మౌలిక సమస్య ఒక్కటే: జీవి కనిపించకపోవడం వేరు, అది అక్కడ లేకపోవడం వేరు. పదిసార్లు తిరిగినా పులి కనబడని అడవిలో పులి ఉండవచ్చు. పొదలో కూర్చున్న పిట్ట మనిషి అడుగుల చప్పుడుకే నోరు మూసుకోవచ్చు. ఉన్న జీవి మన పరిశీలనకు చిక్కే అవకాశం ఎంత అన్నదాన్ని గుర్తింపు సంభావ్యత అంటారు. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసిన గణన ఎంత ఖరీదైన పరికరంతో చేసినా అంచనాగా నిలబడదు. కాబట్టి ఈ రంగంలో వచ్చిన అసలైన మార్పు యంత్రాలతో పాటు, ఆ యంత్రాలు చూడలేకపోయినదాన్ని కూడా అంచనా కట్టగల గణాంక పద్ధతులు రావడమే.

కెమెరా ట్రాప్‌లు

జంతువు తనంతట తానే తన ఫొటో తీసుకునేలా చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. 1920లలో బ్రిటిష్ ఇండియాలోని సంయుక్త ప్రావిన్సుల అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ పులులు నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టి, అది కదలగానే కెమెరా పనిచేసే ఏర్పాటుతో రాత్రిపూట వాటి ఫొటోలు తీశాడు. నేటి కెమెరా ట్రాప్‌లో తీగకు బదులు పరారుణ సెన్సరు ఉంటుంది. పరిసరాలకూ జంతువు శరీరానికీ మధ్య ఉన్న వేడి తేడాను, దాని కదలికను పసిగట్టి అది కెమెరాను పనిచేయిస్తుంది.

భారతదేశంలో ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది 1990ల తొలి సంవత్సరాల్లో కర్ణాటకలోని నాగరహొళెలో పడింది. అక్కడ వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్, మనిషి వేలిముద్రల్లాగే ఒక పులి చారలు మరొక పులికి ఉండవన్న వాస్తవాన్ని ఆధారం చేసుకొని, ఒక్కొక్క పులిని ఫొటోలో గుర్తుపట్టి, పట్టి-విడిచి-మళ్లీ పట్టే గణాంక పద్ధతికి ఫొటోలను అన్వయించాడు. దీని తర్కం సరళమైనది. మొదటి విడతలో ఇరవై పులులు ఫొటోలకు చిక్కాయనీ, రెండో విడతలో చిక్కిన ఇరవైలో పది మాత్రమే మొదట చూసినవనీ అనుకుంటే, ఒక విడతలో అడవిలోని పులుల్లో సుమారు సగమే కెమెరాకు చిక్కుతున్నాయని అర్థం; అంటే అక్కడి మొత్తం సంఖ్య నలభై దరిదాపుల్లో ఉంటుంది. పులికి ఎడమవైపు చారలూ కుడివైపు చారలూ వేరుగా ఉంటాయి కాబట్టి బాటకు రెండు వైపులా ఎదురెదురుగా ఒక జత కెమెరాలను, ఇంచుమించు మోకాలి ఎత్తున, అమరుస్తారు.

దీనికి ముందు దేశమంతటా పాదముద్రల గణన అమల్లో ఉండేది. పులి అడుగును గాజు పలక మీద గీసి లేదా ప్లాస్టరు అచ్చు తీసి, ఏ ముద్ర ఏ పులిదో అనుభవజ్ఞులు తేల్చేవారు. నేల మెత్తదనాన్ని బట్టి, నడక వేగాన్ని బట్టి ఒకే పులి అడుగు రకరకాలుగా పడుతుంది గనక ఈ పద్ధతిలో తప్పుకు చాలా చోటుండేది. అధికారిక లెక్కల్లో పులులున్నట్టు చూపిన రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులి కూడా మిగలలేదని తేలడం ఆ లోపాన్ని దేశం ముందు నిలబెట్టింది. ఆ తరవాతి జాతీయ గణన కెమెరా ట్రాప్‌లను ఆధారం చేసుకొని 2006లో 1,411 పులులున్నాయని అంచనా వేసింది. 2018 గణనలో 141 ప్రాంతాల్లో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా దాదాపు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. ఆ ఏడాది అంచనా 2,967, 2022 అంచనా 3,682. పద్ధతి మారిపోయింది కాబట్టి 2006కు ముందరి సంఖ్యలతో వీటిని పక్కపక్కన పెట్టి పెరుగుదల, తరుగుదల మాట్లాడడం సరికాదు. పత్రికల్లో ఈ పోలిక తరచుగా కనిపిస్తుంది.

నల్లమలలో ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, తెలంగాణలోని అమ్రాబాద్, కవ్వాల్ అభయారణ్యాల్లోనూ ఇదే పద్ధతి నడుస్తోంది. కెమెరాను ఏ వాగు మలుపులో, ఏ బండదారి పక్కన కడితే పులి దాని ముందుకు వస్తుందో పటం చెప్పలేదు. నల్లమలలో ఆ తెలివిడి తరతరాలుగా అడవిలో బతుకుతున్న చెంచులది. బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు సిబ్బంది నడక మీదనే అక్కడి గణన నిలబడి ఉంది.

కలివి కోడి ఉదాహరణ

పాత ఉపాయమూ కొత్త పరికరమూ కలిసి ఎలా పనిచేస్తాయో చూపడానికి కడప జిల్లా కలివి కోడిని మించిన ఉదాహరణ తెలుగునేల మీద లేదు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరవాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందన్న నిర్ణయానికి దాదాపుగా చేరాక, 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లి పరిసరాల్లో స్థానిక వేటగాడి చేతికి చిక్కి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ద్వారా మళ్లీ లోకానికి తెలిసింది. అది రాత్రిపూట తిరిగే పక్షి. ముళ్లపొదల మధ్య నేల రంగులో కలిసిపోతుంది. మనిషి అలికిడికి తప్పుకుంటుంది. కంటితో వెతికి దాన్ని లెక్కించడం అసాధ్యం.

2000 తరవాత పరిశోధకుడు పి. జెగనాథన్, ఆయన సహచరులు పొదల మధ్య ఖాళీల్లో సన్నటి మట్టిని జల్లించి, కొద్ది మీటర్ల పొడవున పట్టీలుగా పరిచారు. రాత్రి వాటిమీదుగా నడిచిన పక్షి అడుగులు తెల్లవారేసరికి చెరగకుండా దొరికేవి. కలివి కోడికి వెనక వేలు ఉండదు, ముందుకు మూడు వేళ్లే ఉంటాయి; అయితే అడవిలో మూడు వేళ్ల పక్షులు వేరేవీ ఉన్నాయి గనక, పట్టీల పక్కన కెమెరా ట్రాప్‌లు పెట్టి, ఏ ముద్ర ఏ పక్షిదో ఫొటోతో సరిచూసి, కొలతల ద్వారా తేడా పట్టే ప్రమాణాలు ఏర్పరచుకున్నారు. పక్షి కూతను గుర్తించి రికార్డు చేశాక, సంధ్యవేళ ఆ కూతను వినిపించి జవాబు కోసం ఆగే పద్ధతి కూడా తోడైంది. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉండి, చిన్న పొదలు వెయ్యిలోపు ఉన్న చోట్లనే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతుందని ఇలా తేలింది. మరీ దట్టమైన పొదా దానికి పనికిరాదు, మేకల మేత, కట్టెల నరికివేత కలిసి బోడి చేసిన నేలా పనికిరాదు.

ఈ వివరం చేతికొచ్చాక ఉపగ్రహ చిత్రాలకు అర్థం ఏర్పడింది. ఏ రంగు ఛాయ ఏ పొదల సాంద్రతకు గుర్తో నేల మీద కొలిచి చూసుకున్నందువల్ల, జిల్లా మొత్తంలో కలివి కోడికి అనువైన చిట్టడవి ఎక్కడ మిగిలి ఉందో, ఏటేటా ఎంత పోతోందో పటం మీద చూపగలిగారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి నివాసంలోకి చొచ్చుకొచ్చి, అభ్యంతరాల మీదట కాలువ దారి మార్చినప్పుడు, చిట్టడవిని పనికిరాని నేలగా జమకట్టకుండా ఆపినది ఈ రకమైన నేలమట్టపు పనే.

శబ్ద పర్యవేక్షణ

ఏనుగులు 20 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యంలో, అంటే మనిషి చెవికి అందనంత మంద్రంగా, పరస్పరం పలకరించుకుంటాయని 1980ల మధ్యలో పరిశోధకురాలు కేటీ పేన్ గుర్తించింది. గబ్బిలాల కూతలు దీనికి పూర్తిగా రెండో కొసన, వినికిడి హద్దుకు పైన ఉంటాయి. చవకైన స్వయంచాలక రికార్డర్లు వచ్చాక ఈ రెండు కొసలూ పరిశోధనకు అందుబాటులోకి వచ్చాయి. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదిగా ఉండే ఆడియోమాత్ అనే రికార్డరు నమూనాను దాని రూపకర్తలు అందరికీ బహిరంగంగా ఇచ్చారు. రికార్డయిన శబ్దాన్ని కాలం, పౌనఃపున్యం, తీవ్రతలను చూపే స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా మారుస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి ప్రయోగశాలా, కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయమూ కలిసి రూపొందించిన బర్డ్‌నెట్ ఆ బొమ్మను మూడేసి సెకన్ల ముక్కలుగా చదివి, ఏ పక్షి కూసిందో చెబుతుంది.

నీటిలో శబ్దం విలువ మరీ ఎక్కువ. గంగా డాల్ఫిన్ కంటికి కటకం లేదు. అది క్లిక్కుమనే శబ్దాలు పంపి వాటి ప్రతిధ్వనితోనే దారి తెలుసుకుంటుంది, ఊపిరికి క్షణకాలం పైకి వచ్చి మళ్లీ బురదనీటిలో మునిగిపోతుంది. 2021–23 మధ్య 28 నదుల్లో సుమారు 8,500 కిలోమీటర్ల మేర జరిగిన సర్వేలో, పడవ మీది పరిశీలకుల కంటిచూపుకు హైడ్రోఫోన్‌లు, అంటే నీటిలో దించే మైకులు, తోడుగా నిలిచాయి; 6,327 నది డాల్ఫిన్‌లున్నాయని ఆ సర్వే అంచనా కట్టింది.

పర్యావరణ డీఎన్ఏ

ప్రతి జీవీ చర్మకణాలు, పొలుసులు, మలమూత్రాలు, జిగురు రూపంలో తన డీఎన్ఏను పరిసరాల్లో వదులుతూ ఉంటుంది. నీరు, మట్టి, గాలి నమూనాల్లోంచి ఆ తునకలను వేరుచేసి, జాతిని గుర్తించడానికి పనికివచ్చే చిన్న జన్యుభాగాన్ని చదివి, తెలిసిన జాతుల పట్టికతో పోల్చే పద్ధతికి పర్యావరణ డీఎన్ఏ విశ్లేషణ అని పేరు. 2008లో ఫ్రాన్సులోని చెరువుల నీటిలో, బయటినుంచి వచ్చి స్థానిక జీవులను దెబ్బతీస్తున్న అమెరికన్ బుల్‌ఫ్రాగ్ కప్ప ఆనవాళ్లను పట్టుకోవడంతో ఈ పద్ధతి వెన్నెముక ఉన్న జంతువులకు పనికొస్తుందని రుజువైంది. 2022లో బ్రిటన్, డెన్మార్క్ దేశాల్లోని రెండు బృందాలు జంతు ప్రదర్శనశాలల గాలిని వడపోసి, అక్కడి జంతువుల డీఎన్ఏను గాలిలోనే గుర్తించాయి.

ఈ శాఖలో హైదరాబాదుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2000ల తొలినాళ్లలో రూపొందించిన సార్వత్రిక ప్రైమర్ల పద్ధతి, పట్టుబడిన మాంసం ముక్క, చర్మం, ఎముక ఏ జంతువుదో ముందస్తు ఊహ అక్కర్లేకుండా తేల్చి, వన్యప్రాణి నేరాల విచారణకు కోర్టులో నిలిచే సాక్ష్యాన్ని ఇచ్చింది. అదే సంస్థకు అనుబంధంగా అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ ప్రయోగశాల పర్యావరణ డీఎన్ఏ మీద కూడా పనిచేస్తూ, ఒడిశాలోని చిలికా సరస్సు నీటిలో సూక్ష్మజీవులు మొదలుకొని జంతువుల దాకా ఒకేసారి నమోదు చేసే పద్ధతిని పరీక్షించింది.

పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ఎండ, వేడి డీఎన్ఏను త్వరగా ముక్కలు చేస్తాయి. పారే నీరు దాన్ని కిలోమీటర్ల దిగువకు మోసుకుపోతుంది. చేపల మార్కెట్టు కడిగిన నీరు చెరువులో కలిస్తే, ఆ చెరువులో ఎన్నడూ బతకని సముద్రపు చేప ఫలితంలో కనబడవచ్చు. అంటే ఇక్కడ సమస్య తిరగబడుతుంది: ఉన్నది కనబడకపోవడంతో పాటు, లేనిది కనబడడం కూడా తప్పుకు మూలమవుతుంది.

ట్రాన్స్‌మీటర్లు, వలస దారులు

2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం వద్ద వలస దారిలో ఆగే అముర్ డేగలను వేలాదిగా వలలు వేసి పట్టి చంపుతున్న సంగతి బయటపడింది. మరుసటి ఏడాదికల్లా పంగ్తి గ్రామస్తులు వేట మానుకున్నారు. 2013 నవంబరులో శాస్త్రవేత్తలు మూడు డేగలకు 5 గ్రాముల సౌర ట్రాన్స్‌మీటర్లు అమర్చి, నాగా, వోఖా, పంగ్తి అని పేర్లు పెట్టి విడిచారు. డేగ బరువు సుమారు 150 గ్రాములు. పరికరం బరువు జీవి బరువులో మూడు నుంచి ఐదు శాతానికి మించకూడదన్నది ఈ పనిలో పాటించే నియమం కాబట్టి, ట్రాన్స్‌మీటరు ఆ కొలతకు చిన్నదయ్యేదాకా ఇటువంటి పక్షి ప్రయాణం మనిషికి తెలిసే మార్గమే లేదు. భారత ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆగకుండా ఎగిరి, సోమాలియా తీరం చేరి, అక్కడినుంచి ఆఫ్రికా దక్షిణ భాగానికి పోయే వాటి దారి ఇలా స్థిరపడింది. తమ ఊరి పేరు పెట్టుకున్న పక్షి ఎక్కడిదాకా వెళ్లిందో పంగ్తి ప్రజలకు తెలియడం, వేట మానుకున్న నిర్ణయానికి బలం చేకూర్చింది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో యాంటెన్నా అమర్చి వేలాది చిన్న జీవులను ఒకేసారి గమనించాలన్న ఐకారస్ పథకం 2020లో మొదలై, ఉక్రెయిన్ యుద్ధం వల్ల రష్యా సహకారం తెగిపోవడంతో 2022లో ఆగిపోయింది. ప్రకృతి పరిశోధన దేశాల మధ్య స్నేహం మీద ఎంతగా ఆధారపడుతుందో దీనివల్ల తెలుస్తుంది. మరోవైపు, బ్యాటరీ కూడా లేని పాతకాలపు లోహపు బిళ్ల ఇప్పటికీ పనిచేస్తోంది. 2021లో ఒడిశా తీరంలో రెక్కకు 03233 అంకెగల బిళ్ల తగిలించిన ఆలివ్ రిడ్లీ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించి, తూర్పు, పడమటి తీరాల తాబేళ్లు వేరువేరు గుంపులన్న అభిప్రాయాన్ని సందేహంలో పడేసింది.

ఉపగ్రహ దృష్టి

1972లో మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రాలను 2008లో అమెరికా అందరికీ ఉచితం చేయడంతో, అడవుల నరికివేతను ఏ దేశపు పరిశోధకుడైనా లెక్కకట్టే వీలు కలిగింది. అంటార్కిటికాలో పెంగ్విన్‌ల రెట్టల మరకలను ఈ చిత్రాల్లో గుర్తించడం వల్లనే, డేంజర్ దీవుల్లో పదిహేను లక్షల అడెలీ పెంగ్విన్‌లున్న సంగతి 2018లో లోకానికి తెలిసింది. భారత ఉపగ్రహాల సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం తన షాద్‌నగర్ కేంద్రంలో అందుకుంటుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం, మేఘాలను, చీకటిని, ఆకుల కప్పును దాటి చూడగల రాడార్లతో 12 రోజులకొకసారి భూతలాన్ని కొలిచి, అడవుల్లోని జీవద్రవ్యం హెచ్చుతగ్గులను అంచనా కట్టడానికి ఉద్దేశించినది.

ఉపగ్రహానికి పచ్చదనం కనబడుతుంది గాని అడవి కనబడదు. సర్కారు తుమ్మ ఆక్రమించిన చెరువుగట్టూ, జామాయిల్ తోటా పైనుంచి పచ్చగానే ఉంటాయి. ఒక హెక్టారుకు మించిన విస్తీర్ణంలో పది శాతం చెట్ల కప్పు ఉంటే చాలు, అది తోటైనా సరే, అటవీ విస్తీర్ణం కింద జమకట్టే జాతీయ నిర్వచనం వల్ల, నివేదికల్లో అడవి పెరిగినట్టు కనిపిస్తూ నేల మీద జీవులు తరిగిపోవచ్చు. బట్టమేక పిట్ట కోసం ఏర్పాటైన కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు వంటి గడ్డిమైదానాలకు ఈ లెక్కలో చోటే లేదు.

కృత్రిమ మేధ, దాని హద్దులు

టాంజానియాలోని సెరెంగెటిలో 225 కెమెరాలు తీసిన 32 లక్షల ఫొటోల మీద 2018లో జరిగిన ప్రయోగంలో, యంత్రం 48 జాతులను గుర్తించి, 99 శాతానికి పైగా ఫొటోలను స్వచ్ఛంద పరిశీలకులంత కచ్చితంగా వర్గీకరించింది. అయితే ఒకచోట నేర్చుకున్న నమూనాను వేరే చోటికి తీసుకుపోతే తప్పులు పెరుగుతాయి, ఎందుకంటే యంత్రం జంతువుతో పాటు దాని వెనకనున్న చెట్టును, వెలుతురును కూడా కలిపి నేర్చుకుంటుంది. అరుదైన జీవుల ఫొటోలు తక్కువగా ఉంటాయి గనక, ఏ జీవుల విషయంలో సహాయం ఎక్కువ అవసరమో వాటి దగ్గరే యంత్రం బలహీనంగా ఉంటుంది.

ప్రమాదాల నివారణలో మాత్రం దీని మేలు స్పష్టం. కోయంబత్తూరు సమీపంలోని మధుక్కరై రైలుమార్గం పక్కన తమిళనాడు అటవీశాఖ 2024లో 12 టవర్ల మీద ఉష్ణ కెమెరాలు పెట్టింది. పట్టాల వైపు వచ్చే ఏనుగులను యంత్రం గుర్తించగానే రైల్వే సిబ్బందికి సమాచారం వెళ్లి, రైలు వేగం తగ్గుతుంది. ఈశాన్య సరిహద్దు రైల్వే, పట్టాల వెంట ఉన్న ఆప్టికల్ ఫైబర్ తీగలో ఏనుగు అడుగుల అదురును గుర్తించే గజరాజ్ వ్యవస్థను వాడుతోంది.

నిఘా, సమాచార భద్రత

అడవిలో పెట్టిన కెమెరాకు పులీ మనిషీ ఒకటే. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అభయారణ్యం చుట్టుపక్కల గ్రామాల్లో జరిగి 2024లో వెలువడిన అధ్యయనం, కట్టెలకూ గడ్డికీ అడవిలోకి వెళ్లే మహిళలు కెమెరాల వల్ల, డ్రోన్ల వల్ల వేధింపులకూ అవమానాలకూ గురైన తీరును నమోదు చేసింది. ఊరి కట్టుబాట్ల నుంచి కాస్త ఊపిరి పీల్చుకునే చోటుగా, గొంతెత్తి పాడుకునే చోటుగా అడవి వారికి ఉండేది. కెమెరాల భయంతో వారు గొంతు తగ్గించారు. అడవిలో పాట, మాట జంతువులను దూరంగా ఉంచే రక్షణ కూడా. కాబట్టి మనుషుల ఫొటోలను వెంటనే చెరిపివేసే ఏర్పాటు, కెమెరాలు ఎక్కడున్నాయో గ్రామసభకు ముందే తెలపడం మర్యాద కోసం చేసే పనులు కావు. అవి లేని సర్వే శాస్త్రీయంగానూ లోపభూయిష్టమే, ఎందుకంటే అడవిని ఎరిగిన మనుషుల సహకారం పోగొట్టుకున్న గణనకు కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేవారుండరు. ఇక అరుదైన జీవుల ఉనికి వివరాలు వేటగాళ్ల చేతిలో పడే ప్రమాదం ఉంది గనక, పక్షుల పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్ వంటి వేదికలు ముప్పులో ఉన్న పక్షుల కచ్చితమైన స్థలాలను బయటపెట్టవు. ఈబర్డ్‌లో సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలే 2023లో 942 జాతుల స్థితిని అంచనా వేసిన భారత పక్షుల నివేదికకు ముడిసరుకు.

జాతుల పట్టిక అనే అవసరం

డీఎన్ఏ తునకైనా, కూత రికార్డైనా, ఫొటో అయినా, ఇదివరకే పేరు పెట్టి వర్ణించిన జాతితో పోల్చినప్పుడే అర్థవంతమవుతుంది. పులి, ఏనుగు, పక్షుల విషయంలో ఆ పట్టిక దాదాపు సిద్ధంగా ఉంది. పురుగులు, నత్తలు, శిలీంధ్రాలు, మట్టిలోని జీవుల విషయంలో లేదు. ఒక్క గుప్పెడు అడవి మట్టిలో చదివిన డీఎన్ఏ తునకల్లో చాలా భాగం ఏ పేరుకూ సరిపోక గుర్తుతెలియనివిగానే మిగులుతాయి. పేరు పెట్టే పని వర్గీకరణ శాస్త్రజ్ఞులది. ఆ విద్యను వృత్తిగా తీసుకునేవారు తగ్గిపోతున్న కాలంలోనే వారి అవసరం ఇంతగా పెరిగింది. 1890లో ఏర్పడిన భారత వృక్ష సర్వేక్షణ సంస్థ, 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ భద్రపరిచిన ఎండుమొక్కల పత్రాల నుంచి, సూదికి గుచ్చిన కీటకాల నుంచి, స్పిరిట్ సీసాల్లోని చేపల నుంచి ఇప్పుడు డీఎన్ఏ తీసి బార్‌కోడ్‌లుగా నమోదు చేస్తే, ఈ పద్ధతుల ఫలితాల్లో పేరులేకుండా మిగిలిన ఖాళీలు కొంతైనా పూడతాయి.